పిల్లల్లో, టీనేజర్లలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ జబ్బే. వార్డుల్లో దీన్ని ఏఎల్ఎల్ అని పొట్టిగా అంటారు. సంపన్న దేశాల్లో ఇది వచ్చిన పిల్లల్లో నూటికి 90 మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. మన దగ్గరా అవే మందులు దొరుకుతాయి. తేడా ఎక్కువగా వచ్చేది మందుల దగ్గర కాదు; జబ్బు ఆలస్యంగా బయటపడటం, జ్వరాన్ని నిర్లక్ష్యం చేయడం, వైద్యం మధ్యలో ఆపేయడం దగ్గర. అందుకే ఈ పేజీలో ఆ మూడింటికీ ఎక్కువ చోటు ఇచ్చాం.

ఏఎల్ఎల్ అంటే ఏమిటి? ఏ స్టేజీలో ఉందని అడగాలా?

ఎముకల లోపలి మజ్జలో రక్తకణాలన్నీ తయారవుతాయి. లింఫోసైట్ అనే తెల్లకణం ఎదగాల్సిన దశలో ఎదగకుండా ఆగిపోయి, అదే పచ్చి రూపంలో పెరిగిపోతే వాటిని బ్లాస్ట్‌లు అంటారు. మామూలు మజ్జలో ఇవి 5 శాతం లోపే. ఏఎల్ఎల్‌లో 25 శాతం దాటతాయి. చాలామంది పిల్లల్లో 80, 90 శాతం కూడా ఉంటాయి. మజ్జంతా అవే నిండిపోవడంతో ఎర్రకణాలు తగ్గి పిల్లలు పాలిపోతారు, ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావం అవుతుంది, మంచి తెల్లకణాలు తగ్గి ఇన్ఫెక్షన్లు వస్తాయి.

గడ్డల క్యాన్సర్లకు ఉన్నట్టు దీనికి స్టేజీలు లేవు. రక్తంతో పాటు మొదటి రోజు నుంచే ఒళ్లంతా ఉంటుంది. అడగాల్సింది ఏ రిస్క్ గ్రూపు అని.

ఏ లక్షణాలు చూసి అనుమానించాలి?

వారం పది రోజులైనా తగ్గని, లేదా తగ్గి మళ్లీ వచ్చే జ్వరం. పెదవులు, అరచేతులు తెల్లబడటం. దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, కాళ్ల మీద సూదితో గుచ్చినట్టు ఎర్రని చుక్కలు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం. మెడలో గడ్డలు, పొట్ట ఉబ్బు. ఎక్కువమంది పట్టించుకోనిది ఎముకల నొప్పి: బాగా నడిచే నాలుగేళ్ల పిల్ల కుంటుతుంది, ఎత్తుకోమని ఏడుస్తుంది, రాత్రి కాళ్ల నొప్పితో లేస్తుంది. ఎదుగుదల నొప్పులని, కీళ్లవాతమని సరిపెట్టుకునేది ఇక్కడే.

వీటిలో ఏ ఒక్కటీ ల్యుకేమియా అని తేల్చదు. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం సీబీపీతో (రక్తకణాల లెక్క) పాటు స్మియర్ కూడా చేయించండి. మెషిన్ ఇచ్చే అంకెలు చాలవు, స్లైడును పాథాలజిస్టు కళ్లతో చూడాలి. తెల్లకణాల సంఖ్య మామూలుగా ఉందని ఊరట పడకూడదు. ఏఎల్ఎల్‌లో అది లక్ష దాటొచ్చు, మామూలుగా ఉండొచ్చు, బాగా తక్కువగానూ ఉండొచ్చు.

టీనేజీ అబ్బాయిలో దగ్గు, ఆయాసం, వెల్లకిలా పడుకోలేకపోవడం, ముఖమూ మెడా ఉబ్బడం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఏఎల్ఎల్‌లో టీ-సెల్ అనే రకంలో ఛాతీ మధ్య గడ్డ పెరిగి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. అలాంటి పిల్లలకు మత్తు ఇవ్వడమూ ప్రమాదమే. ఏ పరీక్షకైనా ముందు ఛాతీ ఎక్స్‌రే తీసేది అందుకే.

జ్వరానికి, ఆయాసానికి మా ఊళ్లో స్టెరాయిడ్ ఇచ్చారు. పర్వాలేదా?

వెంటనే డాక్టరు గారికి చెప్పండి. ఏఎల్ఎల్‌కు వాడే మొదటి మందు స్టెరాయిడే. నిర్ధారణ కాకముందే నాలుగు రోజులు డెక్సామెథసోన్ గానీ ప్రెడ్నిసోలోన్ గానీ పడితే బ్లాస్ట్‌లు తాత్కాలికంగా మాయమై, జ్వరం, నొప్పి తగ్గి, పిల్లవాడు కోలుకున్నట్టే కనిపిస్తాడు. అప్పుడు మజ్జ పరీక్ష చేసినా తప్పుడు భరోసా రావచ్చు. కొన్ని వారాలకు జబ్బు తిరిగి వస్తుంది. అప్పటికి తొలి తెల్లకణాల సంఖ్య ఎంతో తెలిసే దారి ఉండదు కాబట్టి రిస్క్ గ్రూపు తేల్చడమూ కష్టం. ఆర్ఎంపీ ఇచ్చిన ఇంజెక్షనైనా, మందుల షాపులో కొన్న చుక్కలైనా చీటీ, సీసా, తేదీలు దాచి తీసుకెళ్లండి. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, లెక్క సరిచేసుకోవడానికి.

మజ్జ పరీక్ష, వెన్నులో సూది: కాళ్లు పడిపోతాయా?

పడిపోవు. మజ్జ పరీక్ష వెన్నెముకలో చేయరు, నడుము వెనక కటి ఎముక నుంచి కొద్ది మిల్లీలీటర్లు తీస్తారు. అందులోంచి కొంత మైక్రోస్కోపుకి, కొంత ఫ్లో సైటోమెట్రీకి (బీ-సెల్లా, టీ-సెల్లా చెప్పేది ఇదే), కొంత జన్యు పరీక్షలకు వెళుతుంది. జన్యు పరీక్ష రిపోర్టు రావడానికి వారం నుంచి మూడు వారాలు పట్టొచ్చు. దాని కోసం వైద్యం ఆపరు.

వెన్నులో సూది లంబార్ పంక్చర్‌కి. వెన్నుపాము ముగిసిన చోటికి కింద గుచ్చుతారు. మెదడు చుట్టూ ఉండే నీటిలో బ్లాస్ట్‌లు ఉన్నాయేమో చూసి, అదే సూదితో మెథోట్రెక్సేట్ ఎక్కిస్తారు. మామూలుగా సెలైన్‌లో ఇచ్చే మందు మెదడు నీటిలోకి సరిగా చేరదు. ఈ మోతాదును బరువును బట్టి కాక వయసును బట్టి ఇస్తారు: రెండేళ్ల లోపు 8 మిల్లీగ్రాములు, రెండు నుంచి మూడేళ్ల వరకు 10, మూడు దాటితే 12, కొన్ని ప్రోటోకాళ్లలో (వైద్య ప్రణాళికల్లో) తొమ్మిదేళ్లు దాటితే 15. సూది తర్వాత గంటసేపు దిండు లేకుండా పడుకోబెడితే మందు పైకి బాగా పాకుతుంది.

ఇక్కడ ఒక మాట. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో మందు నరంలోకే ఎక్కాలి, వెన్నులోకి వెళితే ప్రాణాంతకం. మంచి కేంద్రాల్లో రెండింటినీ ఒకే ట్రేలో పెట్టరు, విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇస్తారు. సూది వేసే ముందు మందు పేరు అడిగే హక్కు మీకుంది.

రిస్క్ గ్రూపు ఎలా తేలుస్తారు?

వయసు 1 నుంచి 10 ఏళ్ల లోపు, మొదటి తెల్లకణాలు మైక్రోలీటరుకు 50,000 లోపు ఉన్న బీ-సెల్ పిల్లలు మామూలు రిస్క్ వైపు. ఆ పైన జన్యువులు చూస్తారు. ఈటీవీ6-రన్‌ఎక్స్1 కలయిక, క్రోమోజోములు 50 దాటి ఉండటం మంచి సంకేతాలు. క్రోమోజోములు 44 కంటే తగ్గడం, కేఎంటీ2ఏ మార్పు (ఏడాది లోపు పసివాళ్లలో ఎక్కువ), ఫిలడెల్ఫియా క్రోమోజోము కష్టమైనవి. ఫిలడెల్ఫియా ఉన్నవాళ్లకు ఇమాటినిబ్ లేదా డాసాటినిబ్ మాత్ర కలిపాక ఫలితాలు చాలా మెరుగయ్యాయి.

వీటన్నిటికంటే బరువైనది మందుకు జబ్బు ఎలా లొంగిందన్నది. మొదటి దశ చివర్లో ఎంఆర్‌డీ (మిగిలిపోయిన జబ్బును వెతికే) పరీక్ష చేస్తారు. పది వేల కణాల్లో ఒక్క బ్లాస్ట్ ఉన్నా ఇది పట్టుకుంటుంది. 0.01 శాతం లోపుంటే మంచిది. ఎక్కువుంటే వైద్యం ఘాటు పెంచుతారు.

మొదటి వారం కొబ్బరినీళ్లు వద్దన్నారు, ఎందుకు?

మందు పడగానే కోట్ల బ్లాస్ట్‌లు ఒక్కసారి పగిలి పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ యాసిడ్ రక్తంలోకి వదులుతాయి. దీన్ని ట్యూమర్ లైసిస్ అంటారు. కిడ్నీలు మూసుకుపోవచ్చు, పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. అందుకని సెలైన్ బాగా ఎక్కిస్తారు, అలోప్యూరినాల్ ఇస్తారు, రోజుకు రెండు మూడుసార్లు రక్తం తీస్తారు, మూత్రం కొలుస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ; నీరసంగా ఉన్నాడని తాగించే గ్లాసుడే ఇక్కడ హాని. యూరిక్ యాసిడ్ బాగా పెరిగితే రాస్‌బ్యూరికేస్ ఇస్తారు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు అది పడదు కాబట్టి ఆ పరీక్ష ముందే చేయాలి.

వైద్యం ఎన్ని దశలు?

ప్రోటోకాల్‌ను బట్టి పేర్లు మారతాయి, చట్రం ఒకటే. భారత్‌లో చాలా కేంద్రాలు ఐసైకిల్ అనే ఉమ్మడి ప్రోటోకాల్ పాటిస్తాయి.

మొదటిది ఇండక్షన్, నాలుగైదు వారాలు. రోజూ స్టెరాయిడ్, వారానికోసారి విన్‌క్రిస్టిన్, కొన్ని డోసులు ఆస్పరాజినేస్, రిస్క్‌ను బట్టి డానోరూబిసిన్. ఇన్ఫెక్షన్ల ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ ఈ నెలలోనే. ఇల్లు దూరమైతే ఆసుపత్రి దగ్గర్లోనే గది తీసుకోండి.

తర్వాత కన్సాలిడేషన్, మధ్యంతర దశ, మళ్లీ ఒక గట్టి దశ: మొత్తం ఆరు నుంచి తొమ్మిది నెలలు. మెదడుకు రేడియేషన్ ఈ రోజుల్లో ఎక్కువమంది పిల్లలకు అవసరం పడదు. ఆ తర్వాత మెయింటెనెన్స్, ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, ఎక్కువగా ఇంట్లోనే.

నెలకే రక్తం బాగైంది. ఇంకా రెండేళ్ల మందులెందుకు?

మొదటి రోజు ఒంట్లో దాదాపు లక్ష కోట్ల బ్లాస్ట్‌లు ఉంటాయి. నెల తర్వాత మైక్రోస్కోపు కింద ఒక్కటీ కనిపించకపోయినా వంద కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. ఇక్కడ ఆపితే దాదాపు అందరికీ జబ్బు తిరగబెడుతుంది. జుట్టు తిరిగి వస్తుంది, పిల్లాడు ఆడుకుంటాడు, బంధువులు "బాగానే ఉన్నాడు కదా, ఇంకెందుకు ఆ విషం" అంటారు. నాలుగు వారాలు వరసగా వైద్యం తప్పితే దాన్ని వైద్యం వదిలేయడంగానే లెక్కిస్తారు. డబ్బు, పొలం పనులు, రెండో కాన్పు, ఏ కారణమైనా సరే, రావడం కుదరకపోతే ముందే ఫోన్ చేయండి. తేదీ జరపొచ్చు, దగ్గరి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించే ఏర్పాటు చేయొచ్చు.

మెయింటెనెన్స్ మాత్రల్లో ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

ఈ దశకు రెండు మందులు మూలం. 6-మెర్కాప్టోప్యూరిన్ రోజూ. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రెండోదాన్ని రోజూ వేయడం వల్ల పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి. నోరు పుండ్లు పడి, కణాలన్నీ పడిపోతాయి.

ఒక ఉదాహరణ చూడండి. ఒంటి వైశాల్యం 0.7 చదరపు మీటర్లున్న పిల్లకు మెర్కాప్టోప్యూరిన్ చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 42 అవుతుంది. మాత్ర 50 మిల్లీగ్రాములది. 42ని ఎవరూ కోయలేరు కాబట్టి వారం లెక్క చూస్తారు: అయిదు రోజులు ఒకటి, రెండు రోజులు అర. మొత్తం 300, కావాల్సిన 294కి దగ్గర. మెథోట్రెక్సేట్ చదరపు మీటరుకు 20 చొప్పున 14 వస్తుంది, 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు, ఒకే రోజు. షాపులో 2.5 బదులు 10 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చే ప్రమాదం ఉంది, స్ట్రిప్ మీద అంకె చదవండి. వారంలో ఒక రోజు నిర్ణయించి క్యాలెండర్లో గుండ్రం చుట్టండి. ఇంట్లో ఒక్కరే మందు ఇవ్వాలి. నాన్న ఇచ్చాడో లేదో తెలియక నాన్నమ్మ మళ్లీ ఇవ్వడం మామూలుగా జరిగేదే.

మెర్కాప్టోప్యూరిన్‌ను రోజూ ఒకే వేళకు ఇవ్వండి. నూటికి 95 రోజుల కంటే తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం రెట్టింపుకు మించి ఉంటుందని తేలింది. నెలకు రెండు మరిచిపోయినా గీత దాటినట్టే. మరిచిపోయిన మాత్రను మర్నాడు రెండింతలు చేసి ఇవ్వొద్దు. తెల్లకణాలు తగ్గాయని మీ అంతట మీరు ఆపొద్దు. వాటిని కాస్త తక్కువలో ఉంచడమే ఈ దశ ఉద్దేశం. కొందరు పిల్లల్లో మామూలు మోతాదుకే కణాలు అడుగంటుతాయి. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఆసియావాళ్లలో, మనవాళ్లలో కూడా కనిపిస్తుంది. అలాంటివాళ్లకు మోతాదు బాగా తగ్గిస్తారు.

ఫోలిక్ యాసిడ్ కలిసిన బలం టానిక్‌లు డాక్టరు చెబితే తప్ప ఇవ్వొద్దు. మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుని. ఈ మందు వంశంలో ఒక తెలుగు పేరుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ఈ ఫోలిక్ విరోధులను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు చనిపోయిందీ అదే ఏడాది. మీ పాప వారానికోసారి వేసుకునే మాత్ర ఆ కుదురులోదే.

జ్వరం వస్తే ఏం చేయాలి?

ఒక్కసారి 101 ఫారెన్‌హీట్ దాటినా, 100.4 గంటసేపు ఉన్నా అది అత్యవసరమే. అర్ధరాత్రి అయినా, పండగైనా బయల్దేరండి. పారాసెటమాల్ ముందే వేయకండి, మొదట థర్మామీటర్ పెట్టి అంకె రాసుకోండి. చంకలో పెట్టాలి, మలద్వారంలో ఎప్పుడూ వద్దు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, మెఫ్తాల్ వంటివి అసలే వద్దు, రక్తస్రావం పెంచుతాయి.

ఆసుపత్రి చేరిన గంటలోపు నరంలో యాంటీబయాటిక్ పడాలి. న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలు) 500 లోపుంటే బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. చీము పట్టదు, వాపు రాదు, జ్వరమొక్కటే గుర్తు. లెక్క మీరే వేసుకోవచ్చు: తెల్లకణాలు 2,000, న్యూట్రోఫిల్స్ 20 శాతం అయితే 400. మీ కేంద్రం మూడు నాలుగు గంటల దూరమైతే మొదటి డోసు దగ్గరి ఆసుపత్రిలో పడేలా ముందే ఒక ఉత్తరం రాయించుకుని ఫైల్లో ఉంచండి. స్టెరాయిడ్ మీద ఉన్న పిల్లలకు జ్వరం రాకపోవచ్చు కూడా. చలి, మగత, కాళ్లూ చేతులూ చల్లబడటం, పొట్టనొప్పి కనిపించినా అలాగే పరిగెత్తండి.

వారానికి రెండు మూడు రోజులు ఇచ్చే కోట్రైమోక్సజోల్‌ను "జ్వరం లేదు కదా" అని ఆపొద్దు. అది ఒక రకం న్యుమోనియా రాకుండా ఆపే మందు.

తిండి సంగతి?

అప్పుడే వండినది, వేడిగా. కాచి చల్లార్చిన నీళ్లు. చద్దన్నం, హోటల్ కొబ్బరి చట్నీ, పానీపూరి, పచ్చి సలాడ్, వండాక పైన చల్లే పచ్చి కొత్తిమీర, సగం ఉడికిన గుడ్డు వద్దు. అరటి, కమలా లాంటి మందం తొక్క పండ్లు కడిగి, వలిచి ఇవ్వొచ్చు. పెరుగు విషయంలో కేంద్రానికో పద్ధతి, మీ వార్డు చెప్పినట్టు చేయండి. గుడ్డు, పప్పు, చికెన్ ఆపాల్సిన పని లేదు. పథ్యం పేరుతో పిల్లల్ని ఎండగట్టడం వల్లే ఎక్కువ నష్టం. బరువు తగ్గిన పిల్లలు కీమోను తట్టుకోలేరు. స్టెరాయిడ్ వారాల్లో మాత్రం ఆకలి విపరీతంగా పెరుగుతుంది. ఉప్పు, తీపి తగ్గించండి.

ప్లేట్‌లెట్లకు బొప్పాయి ఆకు రసం, నాటుమందు ఇవ్వొచ్చా?

వద్దు. ఇక్కడ ప్లేట్‌లెట్లు తగ్గింది మజ్జలో చోటు లేక; రసం ఆ చోటు ఇవ్వదు. కాచని ఆకు రసంలో క్రిములూ ఉంటాయి. పసర్లు, భస్మాలు లివర్‌ను దెబ్బతీస్తే మెథోట్రెక్సేట్ వారాల తరబడి ఆపాల్సి వస్తుంది. విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిందన్నది నిజమే. దాని అర్థం ఆకులు నూరి తాగించమని కాదు. మందులో డోసు మిల్లీగ్రాముల్లో లెక్క, ఆకులో విషం ఎంతో ఎవరికీ తెలియదు.

ఏ దుష్ప్రభావాలకు వెంటనే రావాలి?

ఆస్పరాజినేస్ పడే రోజుల్లో తీవ్రమైన పొట్టనొప్పి, వాంతులు (పాంక్రియాస్ వాపు), తగ్గని తలనొప్పి, ఫిట్స్ (మెదడు సిరలో గడ్డ). విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం, దవడనొప్పి, పాదం జారవిడిచి నడవడం. మలబద్ధకానికి ఎనిమా, సపోజిటరీ వద్దు, తాగే మందే వాడాలి. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ విన్‌క్రిస్టిన్ విషప్రభావాన్ని పెంచుతాయి. వేరే డాక్టరు రాస్తే మీ కేంద్రానికి చెప్పకుండా మొదలుపెట్టకండి.

టీకాలు? ఇంట్లో ఆటలమ్మ పోస్తే?

వైద్యం నడిచినంత కాలం, ఆపాక ఆరు నెలల వరకు బతికున్న క్రిముల టీకాలు (పోలియో చుక్కలు, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా) వద్దు. ఇన్‌యాక్టివేటెడ్ ఫ్లూ టీకా ఏటా వేయించొచ్చు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పోలియో చుక్కలకు బదులు ఇంజెక్షన్ వేయించండి. చుక్కల వైరస్ మలంలో బయటికి వస్తుంది. పల్స్ పోలియో రోజు ఇంటికొచ్చిన వాళ్లకు ఇది చెప్పాలి. తోబుట్టువులకు ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు వేయించడం మాత్రం మంచిదే.

ఇంట్లోనో బళ్లోనో ఆటలమ్మ పోసినవాళ్లతో కలిసి ఉంటే దద్దుర్లు వచ్చేదాకా ఆగకండి. వీలైతే నాలుగు రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్, లేదా ఎసైక్లోవిర్ ఇస్తారు. తట్టు సోకినవాళ్ల దగ్గరున్నా అంతే, ఆరు రోజుల లోపు. అమ్మవారని వేపాకు కట్టి ఇంట్లో కూర్చుంటే ఈ పిల్లలకు ఊపిరితిత్తులు, లివర్ దెబ్బతింటాయి.

టీనేజర్లకు ఏం వేరు?

పదేళ్లు దాటితే రిస్క్ పెరుగుతుంది. 16, 18 ఏళ్లవాళ్లను పెద్దల వార్డులో చేర్చినా, పిల్లల ప్రోటోకాల్ ఇస్తేనే ఫలితాలు మెరుగని అనేక దేశాల అనుభవం. అది అడగండి. స్టెరాయిడ్ వల్ల తుంటి, మోకాలి ఎముక చచ్చుబడటం ఈ వయసులోనే ఎక్కువ. నెలల తర్వాత తుంటి నొప్పి వస్తే ఎంఆర్ఐ చేయాలి, ఎక్స్‌రేలో మొదట కనిపించదు. అబ్బాయిలకు కీమో మొదలవకముందే వీర్యం భద్రపరిచే వీలుందేమో అడగండి, సిగ్గుపడి వదిలేయొద్దు. అమ్మాయిలకు ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు నెలసరిలో రక్తం ఎక్కువ పోతే హార్మోన్ మాత్రలు ఇస్తారు. ఏ మాత్రన్నది క్యాన్సర్ డాక్టరే నిర్ణయించాలి, ఈస్ట్రోజెన్‌కు ఆస్పరాజినేస్ తోడైతే రక్తం గడ్డకట్టే ముప్పుంది. మాత్రలు ఎగ్గొట్టేది ఎక్కువగా ఈ వయసువాళ్లే. జబ్బు పేరు దాచిపెడితే ఎందుకు వేసుకోవాలో వాళ్లకు అర్థం కాదు. చెప్పండి.

ఎందుకు వచ్చింది? ఇంకొకరికి అంటుతుందా?

అంటదు. చాలామందిలో కారణం దొరకదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ముప్పు ఎక్కువ. గ్రహణం, దిష్టి, తల్లి తిన్న తిండి ఇందులో ఏవీ లేవు. తోబుట్టువులకు ఏమీ లేకుండా పరీక్షలు చేయించనక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు?

పిల్లల ల్యుకేమియా రోజూ చూసే చోటికి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ కింద నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. చేరిన రోజే ఆరోగ్యమిత్రను కలిసి, రేషన్ కార్డు, పిల్ల ఆధార్ ఇచ్చి, ఏ పరీక్షలు పథకంలోకి వస్తాయో అడగండి. క్యాన్సర్ రోగికీ తోడు వచ్చేవారికీ రైలు ఛార్జీలో రాయితీ ఉంది, దానికి ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి.

తిరగబెడితే?

మజ్జలో, మెదడు నీటిలో, అబ్బాయిల వృషణాల్లో రావచ్చు. నొప్పి లేకుండా ఒకవైపు వృషణం గట్టిపడితే చూపించండి. వైద్యం ముగిశాక ఆలస్యంగా వచ్చినదానికంటే మధ్యలోనే వచ్చినది మొండిది. కీమో, బోన్ మ్యారో మార్పిడితో పాటు ఇప్పుడు బ్లినాటుమొమాబ్ ఉంది. పంపుతో 28 రోజులు ఆగకుండా ఎక్కే మందిది. కొత్తగా జబ్బు వచ్చిన మామూలు రిస్క్ బీ-సెల్ పిల్లల్లో కీమోకి దీన్ని కలిపితే మూడేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు 87.9 నుంచి 96 శాతానికి పెరిగారని 2024 చివర్లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. ధరే ఇంకా అడ్డు. కార్-టీ (రోగి టీ-కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే) చికిత్సలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు భారత్‌లో 2023లో అనుమతి వచ్చింది.

వైద్యం ముగిశాక?

తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే కనిపిస్తాయి కాబట్టి ఆ కాలంలో పిలిచిన తేదీకి రావాలి. కోట్రైమోక్సజోల్ కొన్ని నెలలు కొనసాగుతుంది. ఆరు నెలలయ్యాక టీకాలు మళ్లీ వేయాలి, పాతవాటి రక్షణ కీమోతో తగ్గి ఉంటుంది. డానోరూబిసిన్, డాక్సోరూబిసిన్ పడిన పిల్లలకు ఏళ్ల తర్వాత గుండె బలహీనపడే వీలుంది కాబట్టి ఎకో (గుండె స్కాన్) మధ్యమధ్య తీయిస్తారు. ఎంత మొత్తం డోసు పడిందో డిశ్చార్జి సారాంశంలో రాయించుకుని, పెళ్లి వయసు దాటినా పారేయకుండా దాచండి. రేపు ఏ కార్డియాలజిస్టైనా, గర్భిణిగా ఉన్నప్పుడు ఏ గైనకాలజిస్టైనా మొదట అడిగేది ఆ అంకెనే.